పచ్చ జంపఖాన

కొత్తవాడల మా వాకిలి
మొదటి వానకే మడుగు.
నల్లరేగడి.
ఎండకాలం నెర్రెలిచ్చి నా చేతికర్రను
బెత్తెడు మింగిన మట్టే
వానొస్తే పండ్లు బిగించుకుంటది.
ఒక్క గుక్క తాగదు.

నూలు ఆరేసే దండేల కింద
ఇటుక మీదికెల్లి ఇటుక మీదికి దూకుకుంట
మూడు నెలలు తిరిగేటోళ్లం.
పోయినేడు శ్రావణంల
ఆరో ఇటుక జరిగింది, నా తుంటి విరిగింది.
అప్పుడు కోడలు సుప్రజ ఫోను చూపింది:
"మామయ్యా, గడ్డి.
మొలవదు, ఎండదు, బురద కాదు."

పచ్చదనం చుట్టచుట్టి ఆటోల వచ్చింది.
నేను ముందుగాల తిరగేసి చూసిన.
నలభై ఏండ్లు మగ్గం గుంటల కూసున్నోడు
బట్టను మొఖం చూసి నమ్మడు.
వెనుక నల్లటి పూత, జానెడుకొక తూటు.
కుచ్చులు గుచ్చిండ్రు, నేయలే.
పడుగు లేదు, పేక లేదు.
"మంచి సరుకే తాతా"
అన్నడు పరిచే పిల్లగాడు యాకూబ్.
మట్టి మీదనే పరిచిండు, మేకులు కొట్టిండు,
పైసలు లెక్కపెట్టుకొని పోయిండు.

ఆదివారం రాత్రంత వాన.
పొద్దుగాల కాలు పెడితే
వాకిలి ఊగింది, నీళ్ల మీది చాప లెక్క.
అడుగడుక్కు వేళ్ల సందులల్ల బుడబుడ.
నాలుగో నాటికి వాసన,
పడుగుకు పెడదామని కాచి
మర్చిపోయిన గంజి వాసన.

యాకూబ్ మళ్లొచ్చి తల గోక్కున్నడు.
"తూట్లల్లకెల్లి నీళ్లు దిగుతయి తాతా.
దిగినంక పోయెటందుకు తొవ్వ లేదు."
గీ మాట అప్పుడే చెప్పొద్దారా అంటే
"గడ్డి అడిగిండ్రు, గడ్డేసిన" అన్నడు.

తవ్వినం, మోకాలి లోతు.
గడ్డపార కోసిన అంచుల
పట్టీలు పట్టీలుగ కనవడ్డది:
పైన నీలం, దాని కింద ఎరుపు,
ఇంకా కింద, పేరు పెట్టలేని ఒక తుప్పు పసుపు.
దండెం మీది చిలపలు కార్చిన చుక్కలు,
ఎన్నేండ్లయో.
గా నీలం, సొసైటీ బాకీ పడ్డ ఏడుది.
గా ఎరుపు మా నాయిన చెయ్యి.
నీళ్లు తాగని మట్టి
రంగులను మాత్రం ఉమ్మలే.

యాకూబ్ పార ఆపిండు.
"ఏందిది తాతా?"
"జంపఖాన" అన్న.
"తవ్వు."

కంకర పోసిండు, మీద రాతిపొడి,
గజానికి వేలెడు వాలు,
దారం కట్టి రెండుసార్లు చూసిండు.
మోరీ దిక్కు తూట్ల పైపు.
పైపుకు బట్ట చుట్టాలె,
లేకుంటే రేగడి తూట్లు మూస్తదంట.
నేను లోపలికి పోయి
అమ్ముడుపోనిది ఒకటి తెచ్చిన, నెమలి అంచుది.
"నూలు కుళ్లుతది తాతా"
మెల్లగనే అన్నడు.
"కుళ్లనిది తెచ్చిన."
తెల్లగున్నది వాడి బట్ట.
నేత లేదు, ఒత్తినట్టున్నది.
నేను తెచ్చినదాన్ని మడతపెట్టిన.
మడత సరిగ రాలే, విప్పి మళ్ల పెట్టిన.

ఇప్పుడు వాన పడితే
పైపు గొంతు గుడగుడమంటది.
ఇటుకలు గోడ పక్కకు చేరినయి.
పెరట్ల పోయి వచ్చినా చెప్పులు తేలికనే ఉంటయి.
మే నెలల మాత్రం గీ గడ్డి మీద అట్టు పోయొచ్చు,
బకెటు నీళ్లు చల్లి
సుప్రజ ముందు నడుస్తది, వెనుక నేను.

నిన్న ఎర్ర చిలపలు ఆరేసిన.
చుక్కలు పచ్చ మీద పడ్డయి, ఆగలే,
కంకరల దిగి పైపు పట్టినయి.
గల్లీ అవుతల కనకలచ్చమ్మ
మోరీ చూసి కేకేసింది:
"ఇయ్యాల ఎరుపా?"

ఎరుపే అన్న.
మలుపు దాకా కనవడ్డది.
ఆ తర్వాత ఎవరింటి ముందు
ఏ రంగయ్యిందో.