గుప్పెడు తవుడు

రాజాంలో, పాలకొండ రోడ్డు మీద
జిరాక్సు, లామినేషన్, ఆధార్ సవరణలు.
మా షాపు బోర్డు మీద ఇంతే ఉంటుంది.
లోపల నేనూ, ఒక కంప్యూటరూ,
కరెంటు పోతే విసురుకోడానికి పాత క్యాలెండరు అట్టా.

ఫారంలో పేరుకు మూడు గళ్ళు.
మొదటిదీ చివరిదీ నింపి
నడిమి గడి దాటెయ్యడం నాకు అలవాటు.
అక్కడేం రాయాలో చాలామందికి తెలీదు,
తెలిసినవాళ్ళకి చెప్పడం సిగ్గు.

రోహిణి కార్తెలో ఒక మిట్టమధ్యాహ్నం వచ్చాడు
గేదెల తవిటి రాములు.
ఆధార్‌లో గేదెల రాములు,
పింఛను పుస్తకంలో తవిటి రాములు,
పొలం పాసుబుక్కులో జి.టి.రాములు.
ముగ్గురూ ఒకడేనని రుజువు తెమ్మని
సచివాలయం వాళ్ళు తిప్పి పంపారట.
మూడు కాయితాలూ బల్ల మీద పరిచి
పంపకాల్లో తగువుపడ్డ కొడుకుల్ని చూసినట్టు చూశాడు.

"తవిటి తీసేద్దాం తాతా, సులువైపోద్ది."
"ఓలమ్మ! అది తీసేత్తే నానెవుల్ని?"

"నాకంటె ముందు ఇద్దరు పోనారమ్మా.
ఒకడు పురిట్లో, ఒకడు పాకీ ఈడులో.
నాను పుట్టగానే మాయమ్మ నా మొకం సూడనేదు.
సేటలో ఏసి వాకిట్లో ఎట్టేసినారు.
ఎదురింటి కుమ్మరోళ్ళ గురమ్మ
గుప్పెడు తవుడిచ్చి కొనుక్కుంది.
బేరం అయిపోనాది.
మరింక నాను మాయమ్మోణ్ణి కాను.
గుప్పెడు తవుడు సేసే గుంటడి మీద
సావు కన్నెందుకు పడతాది?
పాలు తాపి పెంచమని
మాయమ్మకే మళ్ళా అప్పజెప్పింది గురమ్మ.
తిరిగి కొనుక్కోడానికి మావోళ్ళకి దయిర్నం సాల్నేదు,
సావుకి తెలిసిపోద్దని.
ఇప్పటికీ నాను ఆవిడోణ్ణే.
ఆవిడ పోయిన్నాడు
కొరివి ఆల కొడుకే ఎట్టినాడు,
నాను గుండు గీయించుకున్నాను.
ఎందుకురా అని ఊర్లో ఒక్కరూ అడగనేదు."

ఫ్యాను తిరుగుతోంది.
గుమ్మంలో ఎవరో రేషన్ కార్డుతో విసురుకుంటున్నారు.

ఇంటిపేరు ఏ ముత్తాతో వదిలొచ్చిన ఊరు,
లేదంటే తోలుకొచ్చిన గేదెలు.
చివరి పేరు దేవుడిదో, ఆ ఏడు ఆడిన సినిమాదో.
నడిమి పేరు మాత్రం
ఇంట్లో ఎవరూ నిద్రపోని ఒక రాత్రిది.

నాకూ ఒకటుండేది.
మూడేళ్ళప్పుడు జ్వరం తలకెక్కితే
మా అమ్మ పైడితల్లికి మొక్కుకుందట.
తగ్గాక, సిరిమాను నాడు,
విజయనగరం కోట ముందర జనంలో
నన్ను భుజమ్మీద నిలబెట్టి
తల్లికి వినపడేలా మూడుసార్లు పిలిచిందట:
పైడి హారికా, పైడి హారికా, పైడి హారికా.
పదో తరగతి నామినల్ రోల్లో
మరీ పొడుగైపోయిందని మేష్టారు కొట్టేశారు.
అందరికీ అలాగే చెప్తాను.
కొట్టెయ్యమని అడిగింది నేనే.

నడిమి గడిలో కొట్టాను.
తవిటి. ఇంగ్లీషులో ఆరక్షరాలు.
ఆ గడికి అవి సరిపోతాయి,
ఇంకా బోలెడు చోటు మిగులుతుంది.

"వేలు పెట్టు తాతా."
జూటు మిల్లులో ముప్ఫై ఏళ్ళు నార లాగిన బొటనవేలు.
యంత్రం ఒప్పుకోలేదు.
తుడిచి పెట్టాం, తడిపి పెట్టాం,
నా చున్నీతో రుద్ది ఎడమచెయ్యి పెట్టాం.
కన్ను చూపిద్దామంటే శుక్లం.
ఆయన వేళ్ళ మీద ఆయన లేడు.

"రేపు పొద్దున్నే రా, ఎండెక్కకముందు పడుతుందేమో."
"డబ్బులు?"
"అయ్యాక ఇద్దువు."

రసీదు చేత్తో రాసిచ్చాను, పేరు పూర్తిగా.
చదవడం రాదు. వేలు పెట్టి అడిగాడు:
"ఇక్కడేనా?"
"ఇంకాస్త ఇటు. ఆఁ, అక్కడే."

మడత ఆ మాట మీద పడకుండా
రెండుసార్లు మార్చి మార్చి మడిచి
జేబులో పెట్టుకున్నాడు.