పదమూడో బిళ్ళ

జులైలో బెంగుళూరు గాలి తడిగుడ్డ.
మా పొడికి ఆ తడంటే మహా ఆశ.
సీసా మూత తీసేలోపే పొటాషియం కార్బొనేటు
గుక్కెడు వాన తాగేసి
తూకంలో అబద్ధమాడుతుంది.

అందుకే తెల్లవారుజామున తూస్తాను.
మత్తికెరె వీధుల్లో పాలవ్యాను తిరిగే వేళ
ఓవెన్లోంచి వెచ్చగా తీసి
నాలుగో దశాంశం నిలబడేదాకా
ఊపిరి బిగబట్టి.

ఆపైన అగేటు రోలు. రెండు గంటలు.
సోడియం, పొటాషియం, నయోబియం
ఒకరి మాట ఒకరు వినేదాకా నూరాలి.
చేతికింద గరగర సద్దుమణిగి
పట్టులా జారేటప్పటికి
మెత్తబడింది పొడో నా మణికట్టో తెలీదు.

"నిప్పును తొందర పెట్టాకమ్మా" అంటాడు మునిచౌడప్ప,
ఫర్నేసు గదికి ముప్పయ్యొక్క ఏళ్ళుగా కాపు.
ముళబాగిలు తెలుగు, కేకలు మాత్రం కన్నడంలో.
"పదకొండొందల ఇరవై అంటే ఇరవయ్యే.
ఇంకో పది ఎక్కిస్తివా, పొటాషియం ఎగిరిపోతాది.
బిళ్ళ మిగుల్తాది, గుణం మిగల్దు."

బిళ్ళని దాని పొడిలోనే పూడ్చి
మూసకు మూత బిగించడం ఆయన నేర్పిందే.
ఎగిరిపోదామనుకునేది
చుట్టూ తనవాళ్ళే ఉంటే
కాస్త ఆగుతుందట.

మొదటిది పగిలింది.
మూడోది ముత్యంలా వచ్చి, రెండ్రోజుల్లో బల్లమీదే పిండైంది.
ఏడోదాని రాత్రి కరెంటు పోయింది,
యూపీఎస్ నాలుగుసార్లు అరిచి ఊరుకుంది.
తొమ్మిదోది నూనెలో, మూడు కిలోవోల్టుల దగ్గర
చిటుక్కుమంది. నల్లటి సూదిబెజ్జం.
పదోది నేనే కింద పడేశాను.
నోటుబుక్కులో "నమూనా నష్టం" అని రాశాను.

సీసంతో చేస్తే ఇంత గోల లేదు.
చెప్పినమాట వినే లోహం అది.
ఇదే గదిలో పాతికేళ్ళు దాన్నే నూరారు,
అంటే, మునిచౌడప్ప నూరాడు.
పేపర్ల మీద పేర్లు వేరే.
పసుప్పచ్చ పొడి, ముక్కుకు చేతిరుమాలు,
పంపుకింద చేతులు కడుక్కుని టిఫిను డబ్బా.
ఇప్పుడాయన కాఫీ లోటా రెండు చేతులతో పట్టుకుంటాడు.
కుడిచెయ్యి వణుకుతుంది.
వయసు అన్నాడొక డాక్టరు, నరాలన్నాడు ఇంకొకాయన.
రక్తం ఎవరూ అడగలేదు.

పదమూడోది నిలిచింది.
బొట్టుబిళ్ళంత తెలుపు. గోటితో తడితే కంచులా పలికింది.
రెండువైపులా వెండి పూసి, వేడినూనెలో ముంచి,
లోపల తలోదిక్కు చూస్తున్నవాటినన్నిటినీ
ఒక్కవైపు తిరగమని అరగంట బతిమాలి,
తీగలు అతికి ఆసిలోస్కోపుకు కలిపాను.
తెరమీద ఆకుపచ్చ గీత, ఎవరో పరిచి మరిచిపోయిన దారం.

"మీరే నొక్కండి" అన్నాను.
"నేనేలమ్మా?"
"మూసలో పెట్టింది మీరేగా."

చూపుడువేలు ఆనించాడు, అంతే. నొక్కనే లేదు.
గీత లేచింది.
పడింది, లేచింది, పడింది
సెకనుకు ఐదుసార్లు, సన్నగా, తెంపు లేకుండా.
గోడలోంచి వచ్చే యాభై సైకిళ్ళ రొదేమో అనుకున్నా.
ఎర్తు తీగ సరిచూశా, ట్యూబులైటు ఆర్పా.
గీత ఆగలేదు.

ముందు గుర్తుపట్టింది ఆయనే.
"ఓ... ఇది నాదే" అన్నాడు,
మంగలి చూపించిన అద్దంలోకి వంగినట్టు వంగి.
వేలు తీశాడు, గీత పడుకుంది.
పెట్టాడు, లేచింది.
మళ్ళీ తీశాడు.

పొద్దున గైడుకి చూపించాల్సిన గ్రాఫు అది.
అడ్డంగా కాలం, నిలువుగా వోల్టేజి.
ఒత్తిడికి మూలం అన్నచోట
చాలాసేపు కర్సరు మిటకరిస్తూనే ఉంది.

"ఆ కాగితం నాకూ ఒకటి తీసియ్యమ్మా" అన్నాడు
చొక్కాకు చెయ్యి తుడుచుకుంటూ.
"డాక్టరుకి చూపిస్తా."