మంగళారం రమ్మన్నాడు

ఆంప్లిఫయరు పాలకొల్లులో ఉంది.
బస్టాండు వెనక, ఏసుపాదం కొట్లో,
మూత ఊడదీసి
ఒక గ్రైండరుకీ రెండు టేబుల్ ఫ్యాన్లకీ మధ్యన.

"ఉప్పుగాలండీ, బోర్డు తినేసింది.
నరసాపురం సరుకంతా ఇంతేనండి, ఆయ్.
పార్టు మద్రాసు నించి రావాలి. మంగళారం రండి."
ఏ మంగళారమో చెప్పలేదు.
నేనూ అడగలేదు,
అడిగితే ఆ ఒక్క వారమూ చేజారుతుందేమోనని.

ఇంట్లో బల్ల మీద
అది కూర్చున్న మేర
దుమ్ము పట్టని నలుచదరం మిగిలింది.
తుడవబోతే మంగతాయారు చెయ్యి పట్టుకుంది:
"ఉండనివ్వండి, దాని చోటు."
మూడో రోజు
అక్కడే కందిపప్పు డబ్బా పెట్టింది.

స్పీకర్లు చెరో గోడ పక్కన
మాటల్లేని తోడికోడళ్లలా నిలబడ్డాయి.
ఎడమదాని నెత్తిన ఆరిన తువ్వాళ్లు.
కుడిదాని వెనక బల్లి కాపరం పెట్టింది.
ఈ ఇంట్లో దానికి
ఇదే మొదటి ప్రశాంతత కాబోలు.

రాత్రి తొమ్మిదిన్నరకి
చెయ్యి తనంతట తనే లేస్తుంది,
బొత్తాం ఉండే ఎత్తుకి.
గాల్లో ఏదో తిప్పి
మళ్లీ ఒళ్లోకొచ్చి పడుతుంది.
మంగతాయారు చూసిందేమోనని చూస్తాను.
చిక్కుడుకాయలు తుంచుతూ ఉంది.
చూసింది.

ఫోన్లో వినొచ్చుగా మావయ్యా, అన్నాడు మేనల్లుడు.
విన్నాను.
ఉగ్గుగిన్నెతో గోదారి పోసినట్టుంది.

సరే, ఉన్నదే విందామని
అరుగు మీదికొచ్చాను.
లాకుల దగ్గర నీళ్లు జారుతున్నాయి.
ఇన్నాళ్లూ దాన్ని
పాతబడ్డ టేపు బుస అని సరిపెట్టుకున్నాను.
రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు
తెల్లార్లూ శ్రుతి పట్టుకునే ఉంటాయి,
పైన పాడేవాళ్లే లేరు.
కరెంటు పోయి, కాపలా కుర్రాడు
జనరేటరుకేసి పరిగెత్తే ఆ అరనిమిషం
కప్పలది.

నిన్న ముసురు. ఏం తోచక
రికార్డు పెట్టి, తిప్పి, ముల్లు దించాను.
ఏమీ రాదని తెలుసు.
అయినా వంగాను.
ముల్లు మొనన
చీమ నడిచినంత చప్పుడు.
సన్నాయి! అవును, సన్నాయే,
ఆవగింజలో కూర్చుని ఎవరో ఊదుతున్నట్టు.
గీత పడిన చోట ఎప్పట్లాగే తడబడింది కూడా.

మంగతాయారుని పిలిచాను.
తను అటునించి వంగింది.
తలలు తగిలాయి.
కొబ్బరినూనె, ఉల్లిపాయ, తడిసిన జాకెట్టు వాసన.
ముల్లు ఎక్కడ ఉలిక్కిపడుతుందోనని
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

"ఇది సన్నాయా?" అంది చాలాసేపటికి.
"వంటింట్లోకి క్లారినెట్టులా వచ్చేదండీ."

రెండు పెట్టెలకీ సరిసమానమైన దూరంలో
పదకొండేళ్ల కింద నేలమీద సుద్దతో గుర్తు పెట్టి
వేసుకున్న కుర్చీ నాది.
ఒక్కడికే పడుతుంది.
పోపు చిటపటల మీదుగా
గోడ వడగట్టిన పాట తనది.
ఏమీ అనలేక
రికార్డు తిరగేశాను.

పొద్దున్న ఏసుపాదం ఫోను.
పార్టొచ్చేసిందట, మంగళారం రమ్మన్నాడు.
ఈసారి మాత్రం, ఏ మంగళారం అనడిగాను.

వెళ్తాను, తెస్తాను.
ముందు ఆ కుర్చీ సంగతి చూడాలి,
అంత వెడల్పు బల్లొకటి అద్దేపల్లి వారి కొట్లో ఉంది.
బల్లికీ
ఏదో ఒకటి సర్దిచెప్పాలి.