రాదుమిదికి

రేవు గట్టున, టికెట్ల గది గోడకి
అరచేయంత పెట్టె.
లోపల బొటనవేలి గోరంత చిప్పు,
పైన పలక మీద ఎర్రదీపాల అక్షరాలు.
అవతలి గడ్డ మీద ఎవరో మీట నొక్కితే
మాట క్లౌడెక్కి, బాల్టిక్ దాటి
మా దీవిలో దిగుతుంది.
అలాగని నేనే అందరికీ చెప్పాను, బిగించిన రోజున.

సోమవారం శుభ్రంగా పలికింది:
పడవ ఎనిమిదికి బయలుదేరుతుంది.
బయలుదేరింది కూడా.

మంగళవారం పడమటిగాలి ఈడ్చి కొడుతుంటే
పలక మీద వెలిగింది:
పడవ రాదుమిదికి బయలుదేరుతుంది.

వైకె మొదటి సగం నమ్మింది.
పొగచేపల బుట్ట తిరిగి సైకిలుకి కట్టుకుని
ఇంటికి పోయింది.
హెయినో చివరి సగం నమ్మాడు.
పన్నుపోటుకి బుగ్గ బూరెలా పొంగింది,
పట్నంలో డాక్టరు పదింటికి రమ్మన్నాడు మరి.
మూడు గంటలు నిలబడ్డాడు.
"రాదుమిది అంటే ఎప్పుడు?" అని నన్నడిగాడు,
కొత్త పండగేదో వచ్చినట్టు.

ముప్పయ్యేళ్ళు రేడియోలు విప్పినవాణ్ణి,
నా మొదటి అనుమానం ఎప్పుడూ ఉప్పు మీదే.
తీగ మార్చాను. యాంటెన్నా తుడిచాను.
చెప్పేదీ వినేదీ ఒకే వేగంలో ఉన్నాయా అని చూశాను,
ఉన్నాయి.
ఏమీ తోచక ఆపేసి మళ్ళీ పెట్టాను.
పడవ రాదు, అంది బుద్ధిగా.
బుధవారం పడవ వచ్చింది, ఆ మాటా సరిగ్గానే చెప్పింది.
(బుధవారాలు పళ్ళ డాక్టరు ఉండడు.)
ఆ ఒక్క రోజే నన్ను దారి తప్పించింది.
బాగైందనుకుని వలలు కుట్టుకోడానికి పోయాను.

గురువారం మళ్ళీ గాలి,
మళ్ళీ రాదుమిదికి.

ఫోన్ చేస్తే ఉర్వె అవతల వెతికి చెప్పింది:
"ఇక్కణ్ణుంచి రెండే మాటలు వెళ్ళాయండీ.
పడవ, రాదు."
క్లౌడుని తిట్టాను.
దానికేం, పడింది.

రాత్రి, తొడుగులు తీసేసి
అక్షరాలొద్దు, అంకెలు చూపించమన్నాను చిప్పుని.
ఒక్కొక్క బైటూ కాగితం మీద రాసుకుంటూ పోయాను
పొడి అయిపోయిన కాఫీ పక్కన పెట్టుకుని.
వచ్చిన మాట వచ్చినట్టే ఉంది, ఒక్క గీత చెరగలేదు.
దాని వెనక, కదలకుండా,
బుధవారం.

పొట్టి దుప్పటి కింద
పొడుగాటి మనిషి కాళ్ళలా.
ఎంగిలి కంచం కడక్కుండానే
వడ్డించుకుంటూ వచ్చాం.
చదివే ఫంక్షను ఉత్త అమాయకపుది,
సున్న కనిపించేదాకా చదవమన్నారు, చదివింది.
క్లౌడు సున్న పంపదు, మాట పొడుగెంతో చెబుతుందంతే.
ఆ పొడుగుని ప్రోగ్రాములో ఎవరూ పట్టించుకోలేదు.
ఎవరూ అంటే నేనే.
ఆ ప్రోగ్రాము రాసింది నేనే.
ఉర్వెకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ఒక్క వరస చేర్చాను,
మాట ముగిసిన చోట ఓ సున్న.
దేని విలువా పెంచదు, తుంచదు,
ఇక్కడితో ఆగు, అంటుంది.
దానికీ కాస్త చోటుండాలి కదా,
గిన్నె ఒక బైటు పెద్దది చేశాను,
లేకపోతే పక్కవాడి గోడ మీద గీసినట్టవుతుంది.

శుక్రవారం గాలి తగ్గలేదు.
పలక మీద:
పడవ రాదు.

హెయినో వచ్చాడు. చదివాడు.
టోపీ వెనక్కి నెట్టి ఇంకాసేపు చూశాడు.
"మిగతాది?" అన్నాడు.
"మిగతాది లేదు."
"మొన్నటిదే నయం," అన్నాడు దవడ పట్టుకుని,
"కొంచెం ఉండేది."

వైకె అప్పుడే వచ్చింది.
సైకిలు దిగలేదు, ఒక కాలు నేలకి ఆనించి
పలకని చూసింది, అతని బుగ్గని చూసింది.
"లవంగాలున్నాయి ఇంట్లో," అంది.
"రా."