వెనక బరువు

ఇరవై నాలుగు గుర్రాలట దీనిలో.
ఒక్కటీ సకిలించదు, గడ్డి అడగదు.
నా భుజం దాకా కూడా రాని ట్రాక్టరు,
పక్కన నిలబడితే
పెంపుడు జంతువులా ఉంటుంది.

తొలి మంచు పడ్డ రోజు
ముందు తొట్టి నిండా తడిమంచు ఎత్తాను.
వెనక చక్రాలు నేల వదిలాయి.
జానెడే.
ఆ జానెడులో
నా అరవై రెండేళ్ళూ గాల్లో ఉన్నాయి.

అర్మాన్ వెలెట్ కంచె అవతల నుంచి చూశాడు.
నవ్వలేదు.
అతను నవ్వలేదంటే విషయం పెద్దదే.
"దించు లొరెట్, మెల్లగా, నేలకి ఆనించు" అన్నాడు.
ఇంజను ఆపాక,
"ముందున్నవాడు ఎత్తుతాడనుకుంటాం,
నిజానికి వెనక కూర్చున్నవాడే ఎత్తేది."

నది అవతల దుకాణంలో
కుర్రాడు పుస్తకం తెరిచాడు.
గుంటక, దంతె, రొటావేటరు, గుంతలు తవ్వే మర,
మంచును చిమ్మే యంత్రం,
ప్రతి బొమ్మలోనూ చెమట పట్టని మనిషి.
నాకున్నది నాలుగెకరాలు నాయనా,
సగం రాయి, పావు చిత్తడి,
మిగిలినది ఏటా వానకి కొట్టుకుపోయే కంకర దారి.
రొటావేటరు పళ్ళు పెడితే
నేల కాదు, పళ్ళే రాలతాయి.
మంచు యంత్రం లాగాలంటే
ఈ గుర్రాలు ఇంకో పది తోబుట్టువుల్ని పిలుచుకోవాలి.
పెట్టెలాంటి గుంటక ఒక్కటి కొన్నాను, పాతది,
ఒక మూల సొట్ట.
దారి చదును చేస్తుంది, చాలు.

టైర్లలో ఉప్పునీళ్ళు పోసేవారు మా నాన్న కాలంలో,
లోపల్నుంచి రిమ్ముని తినేసేది.
ఇప్పుడు బీట్ దుంప రసం పోస్తున్నారు,
చలికి గడ్డకట్టదట.
ముల్లు దిగితే
పొలమంతా తియ్యగా కారుతుందన్నమాట.
పోయించాను. చాల్లేదు.

అప్పుడు అర్మాన్ సగానికి కోసిన ఇనప డ్రమ్ము తెచ్చాడు,
సిమెంటు, కంకర,
మూతబడ్డ కర్లింగు రింకు నుంచి ఆరు గుండ్లు.
మంచుపలక మీద జారించి ఆడేవి, గ్రానైటువి,
పిడులు ఊడిపోయాయి.
పెళ్ళికూతురి చెప్పులు సర్దినట్టు
ఒక్కొక్కటీ అడుగున సర్దాడు.
ఆఖరిదాన్ని పట్టుకుని కాసేపు ఆగాడు.
"డెబ్బై తొమ్మిదిలో, ఫైనల్లో,
రెండంగుళాలు అటు పోయింది ఇదే."
దాన్ని నట్టనడుమ పెట్టి
మీద సిమెంటు పోశాడు.
"ఇక ఎటు పోతావో పో."

నేను అతనికి చెప్పలేదు కానీ
ఈ లెక్క నాకు ముందే తెలుసు.
ముప్పై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపాను.
తెల్లారగట్ల ఖాళీ బస్సు
పెద్ద మలుపు దగ్గర తోక ఊపేది.
చిట్టచివరి ఇంటి పిల్లలు,
ఆ గంగోలు థెరియో పిల్లలు అయిదుగురూ,
ఎక్కి వెనక సీటుకి ఉరికేసరికి
రోడ్డు పట్టు చిక్కేది.
వాళ్ళెంత గోల చేసినా
ముందుకొచ్చి కూర్చోమని ఎప్పుడూ అనలేదు.
బళ్ళో పంతులమ్మలు
నాకు ఓపిక ఎక్కువనుకున్నారు.

రెండో మంచుకి తొట్టి నిండా ఎత్తాను.
ట్రాక్టరు ఒక్క మూలుగు మూలిగింది.
చక్రాలు కదల్లేదు.
అర్మాన్ కంచె దగ్గర లేడు.
చూసుంటే బాగుండేది.

ఏప్రిల్లో దారి బయటపడింది,
గుంతలన్నీ పళ్ళికిలించి.
వెనక తగిలించే చోటు ఒక్కటే,
గుంటక కావాలంటే డ్రమ్ము దిగాలి.
పిన్నులు లాగి షెడ్డు పక్కన దింపాను.
గుంటక తగిలించకముందే
ఊరికే ఒక చుట్టు తిప్పాను.
తేలిగ్గా, అల్లరిగా పరిగెత్తింది.
మలుపులో, పాత అలవాటు,
తలెత్తి అద్దంలోకి చూశాను.

ట్రాక్టరుకి అద్దం లేదు.