కాదు అనే బొత్తం

కుతయిసిలో ఆ చలికాలమంతా వానే.
రియోని నదిలో తెల్లరాళ్ళు
ఎవరో కడిగి బోర్లించి మరిచిపోయిన గిన్నెల్లా
ఆసుపత్రి వెనక కిటికీకి కనిపించేవి.
నేలమాళిగలో రక్తనిధి.
అక్కడి సంచులకి చీటీలు ముద్రించే చిన్న ప్రోగ్రాం
నేను రాసిందే.

సంచి నంబరు, గ్రూపు, తీసిన తేదీ,
కింద గీతల కోడు.
అంతే దాని పని.
అయినా తెరిచిన ప్రతిసారీ
తెరంతా మసకబారి
నడుమ ఒక ప్రశ్న వెలిగేది:
ఈ ప్రోగ్రాం మీ కంప్యూటర్‌లో మార్పులు చేయడానికి
ఒప్పుకుంటారా?
అవును. కాదు.

అవును నొక్కమని నేనే చెప్పాను.
పసుపు కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించాను.
ఆ కాగితం మీదే, కింద,
అడ్మిన్ పాస్‌వర్డు.

సిగ్గు విడిచి చెబుతున్నాను:
సెట్టింగుల ఫైలుని
ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోనే రాసేవాణ్ణి.
మామూలు వాడుకరికి అక్కడ రాసే హక్కు లేదు.
ఎందుకు లేదని అడగలేదు నేను.
అన్నిటికన్నా పెద్ద హక్కు అడిగేశాను.
మానిఫెస్టులో ఒక్క వరుస,
ఆరింటికల్లా ఇల్లు.
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమంటే
కనీసం పిచ్చుకైనా ఉంటుంది.
నేను చీటీ అతికించడానికి వాడాను.

త్సియాలా రాత్రి షిఫ్టు మనిషి.
అరవై రెండేళ్ళు. తాడుతో మెడలో కళ్ళజోడు.
ఆమెకి ముందున్నవాళ్ళంతా
ఆ ప్రశ్నని ఈగని తోలినట్టు తోలేశారు.
ఆమె చదివింది.
మొదటి రాత్రే. పెదాలు కదుపుతూ. రెండుసార్లు.
కాదు నొక్కింది.

ప్రోగ్రాం చచ్చింది.
రెండుంబావుకి నా ఫోను మోగింది.

"అవును నొక్కండమ్మా."
"ఏం మార్పులు చేస్తుంది?"
"ఏమీ చేయదు. ఊరికే అడుగుతుంది."
"ఊరికే అడిగినవాడికి
ఊరికే ఇల్లు రాసిచ్చేస్తావా, మాముకా?"

నేను మంచం మీద లేచి కూర్చున్నాను.
అవతల ఫ్రిజ్‌ల హోరు.
ఆమె ఆగి ఆగి చెప్పింది:
"ఫ్రిజ్ తాళం నా దగ్గరుంది.
మత్తుమందుల అల్మరా తాళం లేదు.
నన్ను నమ్మక కాదు.
రేపు అక్కడ ఒక సీసా తగ్గితే
నా వైపు ఎవరూ చూడరు.
ఆ లేని తాళమే నాకు దుప్పటి.
నీ చీటీల మిషనుకి
అన్ని తాళాలూ ఎందుకు కట్టబెట్టావు, పాపం?"

పాపం అంది. ప్రోగ్రాంని.
ఆ రాత్రి పదకొండు సంచులకి
చీటీలు చేత్తో రాసింది.

మర్నాడు కోడు తెరిచాను.
సెట్టింగులు వాడుకరి సొంత ఫోల్డర్‌కి మారాయి.
ఇరవై నిమిషాల పని.
నాలుగేళ్ళు పట్టింది.
తవ్వుతుంటే ఇంకా బయటపడ్డాయి:
డేటాబేస్‌కి యజమాని ఖాతాతో వెళుతున్నాను,
దాని పాస్‌వర్డు అక్కడే, పచ్చిగా, ఎవరైనా చదివేలా.
చీటీ ముద్రించేవాళ్ళెవరైనా
రక్తం గ్రూపు మార్చేయొచ్చు,
మార్చిన చేయి ఎవరిదో ఎక్కడా ఉండదు.
ఎవరూ మార్చలేదు.
అది నా గొప్ప కాదు.

ఇక నా యంత్రం.
పదేళ్ళుగా దాని మీద నేను రాజుని.
నాకు అన్నీ పనిచేసేవి,
అందుకే ఎవరికి ఏది పనిచేయదో తెలిసేది కాదు.
ఒక శుక్రవారం నా ఖాతాని మామూలు చేసుకున్నాను.
నేను రాసినవే మూడు ప్రోగ్రాములు
గుమ్మంలోనే నన్ను ఆపేశాయి.
కోపం వచ్చింది, నిజమే.
తర్వాత ఒక్కొక్కటే విప్పి చూస్తూ కూర్చున్నాను,
కాఫీ చల్లారింది.

కొత్తది పెట్టిన రాత్రి
మళ్ళీ రెండుంబావుకే ఫోను.
"నీ ప్రోగ్రాం ఏమీ అడగలేదు. పాడైందా?"
"లేదు. దానికీ ఇప్పుడు
ఫ్రిజ్ తాళమొక్కటే ఉంది."

కాసేపు మాట్లాడలేదు.
ప్రింటర్ చీటీని కక్కుతున్న చప్పుడు, కిర్రుమంటూ.
"పసుపు కాగితం పీకేశాను," అంది,
"జిగురు మాత్రం పోవట్లేదు."