కంగారు వైపు

బ్రోకెన్ హిల్‌లో, సల్ఫైడ్ స్ట్రీట్ మూలన,
పాత నాణేలు కొనే మా కొట్టులోకి
మెర్ల్ ట్రెవాస్కిస్ వచ్చింది
పొగాకు రేకుడబ్బా చంకన పెట్టుకుని.
డెబ్బై నాలుగేళ్లట. అడక్కుండానే చెప్పింది.

డబ్బాలో రెండు చొక్కా గుండీలు,
గనిలోకి దిగేవాళ్ల ఇత్తడి బిళ్ల,
అడుగున ఒక పెన్నీ.
"నాన్నది. అటు తిప్పు."
తిప్పాను. రాజుగారి తల.
"ఇప్పుడు ఇటు."
రాజుగారి తలే.
అదే ముక్కు, అదే మెడ,
మనల్ని కాక ఇంకెవర్నో చూస్తున్న అదే చూపు.
బొమ్మకి బొరుసు లేదు.
కంగారు ఉండాల్సిన చోట కంగారు లేదు.
ఆ మాటకి మా భాషలో ఉన్న రెండో అర్థం మాత్రం
ఆమె వేళ్లలో కావలసినంత ఉంది.

"అసలుదేనా ఇది?"
అందరూ అదే అడుగుతారు, ధర కోసం.
ఈమె ఎందుకడిగిందో
నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

"ముందు సీటు ఎవరిది,
చివరి పీచ్ పండు ఎవరిది,
అన్నిటికీ నాన్న పెన్నీ ఎగరేసేవాడు.
ఐరిస్ ఎప్పుడూ తల అనేది, అక్క కదా, ముందే అనేసేది.
నేను కంగారు అనేదాన్ని.
ఆ తోకంటే నాకిష్టం."

డాలర్లొచ్చిన మరుసటేడు,
అప్పటికే చెల్లని ఆ పెన్నీతోనే
ఇంకోటి తేల్చాడట.
అడిలైడ్‌లో నర్సు చదువు. ఇద్దరికీ సరిపడా డబ్బు లేదు.
ఒకరు వెళ్లాలి, ఒకరు అమ్మ దగ్గర ఉండాలి.
"ఐరిస్ తల అంది. నేను..."

బయట లారీ వెళ్లేదాకా ఆగింది.

"టంకశాల వాళ్ల పొరపాటైతే
నాన్నకి తెలిసుండదు కదా?
ఎగరేసేవాడు, చూసేవాడు, జేబులో వేసేవాడు.
రెండోవైపు చూసే తీరిక ఆయనకెక్కడిది?"

భూతద్దం తీశాను.
తీస్తూ, చెప్పాల్సింది చెప్పాను:
టంకశాల మర పొరబడాలంటే
పై అచ్చూ కింది అచ్చూ రెండూ తలే కావాలి.
బిగించినవాడు చూడకూడదు,
బిగించాక ఇంకొకడు చూడకూడదు,
సంచిలో పోసేవాడూ చూడకూడదు.
అలాంటివి లేకపోలేదు. వేళ్ల మీద లెక్క.
తక్కినవన్నీ మనుషులు చేసినవే:
ఒక పెన్నీని గిన్నెలా తొలిచి,
ఇంకోదాని ముఖాన్ని ఉల్లిపొరలా అరగదీసి
అందులో కూర్చోబెడతారు.

గాజుబల్ల మీద కొట్టులోని పెన్నీ జారవిడిచాను.
ఖంగుమంది.
ఆమెది విడిచాను.
ఠప్.
తలుపు వెనక ఎవరో ఊపిరి బిగబట్టినట్టు.
తొమ్మిదిన్నర గ్రాములుండాలి, తొమ్మిదికి రాలేదు.
అంచుకి లోపలగా, వెంట్రుకంత గీత,
రాజుగారి చుట్టూ ప్రదక్షిణ చేసి
మొదలైన చోటే ఆగింది.

"మీ నాన్నగారు గనిలో ఏం చేసేవారు?"
"లోపలికి దిగింది రెండేళ్లే. తర్వాత వర్క్‌షాపు.
లేతు మీద..."
అని, తన జవాబు తనే విని
ఊరుకుంది.

"ఐదు డాలర్లిస్తాం," అన్నాను,
ఏదో ఒకటి అనాలి కనక.
అసలుదైతే ఎవరి చెయ్యీ లేదు.
దీని వెనక ఒక మనిషి,
షిఫ్టు అయ్యాక లైటు కింద వంగి,
ఏ కూతురు ఏమంటుందో ముందే తెలిసినవాడు.
అది ఆమెకి నేను చెప్పక్కర్లేదు.

గీత మీద గోరు ఆనించింది మెర్ల్. గోటికి అందలేదు.
"ఎంత నున్నగా చేశాడు!" అంది.
ఆ గొంతులో ఉన్నది కోపమైతే
అలాంటి కోపం నేనెప్పుడూ వినలేదు.

గుండీలు, బిళ్ల డబ్బాలో సర్దుకుంది.
పెన్నీ సర్దలేదు.

గుమ్మం అవతల,
గని తోడిపోసిన నల్లదిబ్బ కేసి తిరిగి
బొటనవేలితో ఎగరేసింది.
పెదాలు కదిలాయి.
అద్దం ఇవతల నాకేం వినపడలేదు.
పట్టుకుని, చూడకుండా, పిడికిలి మూసి
రోడ్డు దాటింది.